కడుపు అనుకున్నది గడ్డ అని తెలిసేదాకా

ఎనభై మూడో సంవత్సరం, వానలు ఇంకా పడని జూన్ నెల. పెళ్లిబట్టల కుట్టు అయిపోయి, బడిపిల్లల యూనిఫారాల కుట్టు మొదలైన రోజులవి. బాన్సువాడ బస్టాండు వెనక వీధిలో మా ఇల్లు. ముందు గదిలోనే నా మిషను. ఆ రోజు చాప మీద ఖాకీ గుడ్డ పరిచి, వంగి కత్తిరిస్తున్నాను. పక్కకు ఒరిగి గుడ్డ కొస అందుకోబోయేసరికి పొట్టలో ఏదో బరువుగా ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జారింది. నొప్పి లేదు. జారి, ఆగిపోయింది. కత్తెర కింద పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాను.

అప్పటికే నెల రోజులుగా లంగా బొందు ముడికి కొస చాలడం లేదు. నాకు నెలసరి మొదటి నుంచీ క్రమంగా రాదు. రెండు నెలలకోసారి, ఒక్కోసారి మూడు నెలలకు. ఆ రోజు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే మూడు నెలలు దాటింది. నా వయసు ఇరవై తొమ్మిది. పెళ్లయి తొమ్మిదేళ్లు. ఒంట్లో తేడా తెలిసిన రోజు ఎవరైనా భయపడతారు. నేను భయపడలేదు. నాకు సంతోషం వేసింది. ఈ మాట ముందే ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే తర్వాత జరిగిన పొరపాట్లన్నీ ఆ సంతోషంలోంచే వచ్చాయి.

మా అత్త గంగవ్వ చేతికి మా వీధిలో మంచి పేరు. ఆమె మంత్రసాని కాదు, కానీ కాన్పు అంటే ముందు ఆమెకే కబురు. సగం వీధి పిల్లలు ఆమె చేతుల్లోనే కళ్లు తెరిచారు. ఆమెకు చెప్పగానే నన్ను చాప మీద పడుకోబెట్టి, చేతులు రెండూ రుద్దుకుని వెచ్చ చేసుకుని, పొట్ట మీద పెట్టింది. చాలాసేపు కళ్లు మూసుకుంది. కళ్లు తెరిచేసరికి నీళ్లు కారుతున్నాయి.

"తల తగులుతుంది బిడ్డా. కుడి దిక్కున్నది. ఇగ నువ్వు బరువు లేపకు," అంది.

తొమ్మిదేళ్లలో ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు బరువుగా ఉండేది. ఎవరింట్లోనో పురుడు పోసి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఎవరికి పుట్టిందీ ఏం పుట్టిందీ నా ముందు చెప్పకుండా వంటింట్లోకి వెళ్లిపోయేది. అలాంటి మనిషి ఆ రోజు నా బిందె తను మోసింది.

మా ఆయన సాయిలు నిజాంసాగర్ కాలువ మీద లష్కరు. తూములు ఎత్తడం, దించడం, నీళ్లు ఎవరి పొలానికి ఎప్పుడు పోవాలో చూడటం ఆయన పని. భార్య కడుపుతో ఉంటే భర్త క్షవరం చేయించుకోకూడదని మా వైపు పట్టింపు. మూడో నెల అనగానే ఆయన గడ్డం పెంచడం మొదలుపెట్టాడు. ఇక ఊళ్లో ఎవరికీ చెప్పే పని లేకపోయింది, ఆయన మొహమే చెప్పింది. వర్ని వైపు కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతులు కాలువ గట్టు మీద ఆపి, ఏం సాయిలూ, సన్యాసంలో కలిసిపోతున్నావా అని ఆటపట్టించేవారట. ఆయన నవ్వి తూము వైపు చూసేవాడట. మాటకు మాట చెప్పకుండా ఉండలేని మనిషి, అన్ని నెలలు ఒక్కరికీ బదులు చెప్పలేదు.

నేను దర్జీ మనిషిని. నా పొట్టను నేను కొలుచుకోకుండా ఉండలేకపోయాను. కడుపు కొలిస్తే దిష్టి తగులుతుందని అత్త కోప్పడుతుందని, ఆమె కూరగాయలకు వెళ్లిన వేళ తలుపు దగ్గరగా వేసి బొడ్డు మీదుగా టేపు చుట్టేదాన్ని. కొలతల పుస్తకంలో అందరి పేర్ల కింద ఛాతీ, నడుము, పొడుగు రాస్తాను. చివరి పేజీలో పేరు లేకుండా ఒక్క నడుము కొలతే రాసుకున్నాను, ప్రతి శుక్రవారం. పెరిగిన వారం ఆ అంకె చూసుకుని మురిసిపోయేదాన్ని. పెరగని వారం మళ్లీ కొలిచేదాన్ని, ఊపిరి వదిలి కొలిచేదాన్ని, నిలబడి కొలిచేదాన్ని.

ఎదిరింటి పిల్లలకు, మేనకోడళ్లకు ఎన్ని జుబ్బాలు కుట్టానో లెక్క లేదు. మొదటిసారి, మిగిలిన మెత్తటి మల్లు గుడ్డలతో నా బిడ్డ కోసం కుట్టాను. కుట్టు లోపలి వైపు గరుకు తగలకుండా మడతలు బయటికి తిప్పాను. నాలుగయ్యాయి, ఆరయ్యాయి. చాలని అత్త అంటే, వానాకాలం పుట్టేవాళ్లకు ఆరిన బట్ట దొరకదని ఇంకో రెండు కుట్టాను. లెక్క ప్రకారం పుట్టేది చలికాలంలో. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరమూ అనలేదు.

ఇక దాచిన సంగతి చెబుతాను. అయిదో నెల అనుకున్నప్పుడు రెండు రోజులు ఎరుపు కనిపించింది. మళ్లీ ఆరో నెలలో. నేను ఎవరికీ చెప్పలేదు. కొందరికి అలా కనిపిస్తుందని ఎప్పుడో ఎవరో అనగా విన్నాను, ఆ మాటనే పట్టుకున్నాను. పొట్ట నడిమికి కాకుండా కుడివైపే ఎత్తుగా ఉండేది. మూత్రానికి మాటిమాటికీ లేవాల్సి వచ్చేది. పొట్ట పెరుగుతున్నా చేతులు, చెంపలు చిక్కాయి. అద్దంలో చూసుకుంటే కనిపించేది. చూడటం మానేశాను.

మరి అన్ని నెలలు డాక్టరుకు ఎందుకు చూపించుకోలేదని మీరు అడుగుతారు. బాన్సువాడలో దవాఖాన మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. కారణం చెబితే నవ్వుతారు. తొలి కాన్పు పుట్టింటిది. సీమంతం చేసి, ఒడి నింపి, పుట్టింటివాళ్లు తీసుకుపోయి చూపించుకోవాలి. అత్తింటివాళ్లు ముందే దవాఖానకు తీసుకుపోతే, మా పిల్లను మేం చూసుకోలేమా అని వాళ్లకు చిన్నతనం. మా అమ్మది పిట్లం. సీమంతం కాకముందే ఆమె నన్ను చూపిస్తే, మా కోడలి మీద మాకు పట్టింపు లేదా అని వీళ్లకు చిన్నతనం. ఇద్దరూ మంచివాళ్లే. ఒకరి మర్యాద ఒకరు కాపాడుకుంటూ ఏడో నెల దాకా ఎదురుచూశారు. మధ్యలో ఉన్న నాకు నోరుంది, కాళ్లున్నాయి. నేనూ ఎదురుచూశాను.

సీమంతం రోజు అమ్మ పిట్లం నుంచి వచ్చింది, చీర, గాజులు, ఎండుకొబ్బరి కుడుకలు తెచ్చింది. పీట మీద కూర్చోబెట్టి చేతుల నిండా గాజులు తొడిగారు. ఒడిలో బియ్యం పోశారు. అవి కింద పడకుండా కొంగు పట్టుకుని పీట మీద నుంచి లేచాను. లేవగానే కుడివైపు లోపల ఏదో మెలిపెట్టినట్టు నొప్పి వచ్చింది. ఊపిరి అందలేదు. వాంతి అయింది. బియ్యం ఇల్లంతా చిందాయి. ఏడో నెలలోనే నొప్పులు వచ్చాయని అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. అత్త పొట్ట మీద చెయ్యి పెట్టబోతే నేను తోసేశాను. రిక్షాలో దవాఖానకు తీసుకుపోయారు.

అక్కడి డాక్టరమ్మ వయసులో నాకన్నా చిన్నది. ముందు గొట్టం పెట్టి విన్నది. ఒక చోట, ఇంకో చోట, బొడ్డు కింద. ఆమె చెవి నా పొట్ట మీద ఉన్నంతసేపూ నేను ఆమె కనుబొమలే చూశాను. సూది వేసి, నొప్పి తగ్గాక లోపలి పరీక్ష చేసింది. ఒక చెయ్యి లోపల, ఒక చెయ్యి పైన పెట్టి గడ్డను అటూ ఇటూ కదిపి చూసింది. చేతులు కడుక్కుని వచ్చి అందరినీ బయటికి పంపి, నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"చూడమ్మా, నీ గర్భసంచి చిన్నగానే ఉంది. పిడికిలంత. పెరిగింది అది కాదు, దాని పక్కది. ఓవరీలో ట్యూమర్ ఉన్నట్టుంది. లోపల బిడ్డ లేదు."

నేను ఏడ్వలేదు. బిడ్డ చనిపోయిందా అని అడిగాను. లేదమ్మా, అసలు లేదు అంది. ఆ రెండింటికీ తేడా నాకు ఆ క్షణాన అర్థం కాలేదు. చనిపోయిందని చెప్పి ఉంటే ఏడవడానికి వీలుండేది.

బయట అత్తకు చెబితే ఆమె డాక్టరమ్మ మీదికి వెళ్లింది. నీకు పెళ్లయిందా, పిల్లలున్నారా, నా చేతులకు తెలవదా అని గట్టిగానే అడిగింది. డాక్టరమ్మ కోపం తెచ్చుకోలేదు. మూత్రం పరీక్ష చేయిద్దాం, ఎక్స్‌రే తీయిద్దాం, రెండూ నిజామాబాదులో అవుతాయి, అప్పుడు మీరే చూడండి అంది. కడుపుతో ఉంటే ఎక్స్‌రే తీయరు కదా, మరి ఎందుకు తీయిస్తున్నారని అమ్మ అడిగింది. డాక్టరమ్మ నిజామాబాదుకు చీటీ రాయడం మొదలుపెట్టింది. అదే బదులని అమ్మకు అర్థమైంది.

నిజామాబాదులో మూత్రం పరీక్ష నెగెటివ్ వచ్చింది. ఎక్స్‌రే ఫిలిం తడి ఆరకముందే వెలుతురు పెట్టె మీద పెట్టారు. వెన్నుపూస నాదే. తుంటి ఎముకలు నావే. బిడ్డ ఎముక ఒక్కటీ లేదు. కానీ కుడివైపు, ఆ బూడిద రంగు నీడ లోపల, తెల్లగా మూడు చుక్కలు. అక్కడి డాక్టరు పెన్ను పెట్టి చూపిస్తూ ఇవి దంతాలు అన్నాడు.

ఆ మాట వినగానే అత్త నా చెయ్యి పట్టుకుంది. పళ్లున్నాయంటే బిడ్డ ఉన్నట్టే కదా అని ఆమె మొహమంతా వెలిగింది. నిజం చెప్పనా, నా మొహమూ వెలిగింది. పుట్టే బిడ్డకు పళ్లెక్కడివని ఇద్దరికీ తోచలేదు. డాక్టరు ఓపిగ్గానే చెప్పాడు. దీన్ని డెర్మాయిడ్ అంటారు, ఓవరీలో పుట్టే గడ్డ, దాంట్లో కొవ్వు, వెంట్రుకలు, ఒక్కోసారి దంతాలు కూడా తయారవుతాయి, బిడ్డకూ దీనికీ సంబంధం లేదు అన్నాడు. అత్త చెయ్యి నా చేతిలోంచి మెల్లగా జారిపోయింది.

ఆ డాక్టరు మంచి సర్జనే, కానీ తొందర మనిషి. ఇంత పెద్ద గడ్డను నమ్మలేం, రేపే ఆపరేషన్ చేద్దాం, రెండు ఓవరీలూ గర్భసంచీ అన్నీ తీసేస్తే మళ్లీ బాధ ఉండదు, తొమ్మిదేళ్లుగా పిల్లలు లేనేలేరు కదా అన్నాడు. ఆ చివరి మాట ఆయన చెడ్డ మనసుతో అనలేదు. అయినా నా ఒళ్లు మండింది. తొమ్మిదేళ్లుగా లేరు కనుక ఇక అక్కర్లేదని ఎవరు చెప్పారు ఆయనకు? మా ఆయనతో బాన్సువాడ పోదాం పద అన్నాను. అప్పటికి నొప్పి తగ్గింది. బస్సు దిగి నేరుగా దవాఖానకే వెళ్లాం.

డాక్టరమ్మ ఫిలిం చేతికి తీసుకుని కిటికీ వెలుతుర్లో చాలాసేపు చూసింది.

"దంతాలు కనిపించడం మంచిదే. చాలావరకు ఇలాంటివి కాన్సర్ కావు. కానీ ఏ గడ్డో తెలుసుకోకుండా కత్తి పెట్టించుకోవద్దు. తెలిస్తే ఎంత తీయాలో తెలుస్తుంది," అంది. గడ్డ మళ్లీ మెలి పడి నొప్పి వస్తే మాత్రం ఆగడానికి లేదు, వెంటనే బయల్దేరండి అంటూ హైదరాబాదు పెద్దాసుపత్రికి ఉత్తరం రాసిచ్చింది. అక్కడ స్కాన్ అని కొత్త మెషిన్ వచ్చిందట.

అమ్మ పిట్లం వెళ్లిపోయింది. నేను, మా ఆయన, అత్త హైదరాబాదు బస్సెక్కాం. మా ఆయన గడ్డం అప్పటికి గుబురుగా పెరిగింది. బాన్సువాడలో తీయించుకుంటే ఊరంతా అడుగుతుంది. హైదరాబాదులో దిగగానే, మమ్మల్ని ఆసుపత్రి మెట్ల మీద కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని వెళ్లాడు. నున్నగా చేయించుకుని వచ్చాడు. చెంపలు తెల్లగా, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆయన్ని చూశాక అప్పుడు ఏడ్చాను. గొట్టానికి వినపడకపోయినా, ఎక్స్‌రేలో ఎముకలు లేకపోయినా, నాకు నిజంగా తెలిసింది ఆ మెట్ల మీదే.

స్కాన్ గదిలో పొట్ట మీద చల్లటి జిగురు పూసి, చిన్న పెట్టె లాంటిది అదిమి తిప్పారు. టీవీ లాంటి దాంట్లో అంతా మబ్బుగా కనిపించింది. తిప్పే అమ్మాయి చూడొద్దని అనలేదు, చూడమనీ అనలేదు. నేను చూశాను. అందులో ఏమీ లేదని తెలిసి కూడా వెతికాను.

అక్కడి సర్జన్ వయసు మళ్లిన మనిషి. గొంతు ఎత్తి మాట్లాడడు. వేళ్లతో పొట్ట మీద తట్టి, పక్కకు తిప్పి మళ్లీ తట్టి, శబ్దం విన్నాడు. లోపల నీరు చేరలేదన్నాడు. ఆకలి ఎలా ఉంది, ఎంత చిక్కావు, మీ ఇంట్లో ఎవరికైనా కాన్సర్ వచ్చిందా అని వరసగా అడిగాడు. ఎప్పటి నుంచి పెరుగుతోందంటే, చేతి సంచిలోంచి కొలతల పుస్తకం తీసి చివరి పేజీ చూపించాను. అత్త ఎదుటే చూపించాల్సి వచ్చింది. ఆయన అద్దాలు సర్దుకుని కింది నుంచి పైకి, పై నుంచి కిందికి చదివాడు.

"పొట్ట తెరవకముందు మా దగ్గర ఉండేవి మూడేనమ్మా. మా చెయ్యి, ఈ ఫోటోలు, నువ్వు చెప్పేది. చాలామంది ఈ మూడోది సరిగ్గా చెప్పరు. ఇది మెల్లగా పెరిగింది. వారంలోనే ఉబ్బిపోయే రకం కాదు."

ట్యూమర్ అంటే కాన్సర్ అని కాదని చెప్పాడు. స్కాన్‌లో గడ్డ ఒక్క ఓవరీకే ఉంది, రెండోది మామూలుగానే కనిపిస్తోంది, అయినా తెరిచి చూస్తే గాని పూర్తిగా చెప్పలేనన్నాడు. రక్తం పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే అయ్యాయి. ఆపరేషన్ ముందు రోజు పొద్దున ఇంగ్లీషులో ఉన్న కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నారు. నేను పదో తరగతి చదివాను. అక్షరాలు కూడబలుక్కుంటే రెండు ఓవరీలు, యూటరస్ అన్న మాటలు కనిపించాయి. సర్జన్ వచ్చేదాకా పెట్టనన్నాను. నర్సు విసుక్కుంది. పెట్టలేదు.

ఆయన వచ్చాక అడిగాను. "సార్, గడ్డ మంచిదైతే ఎంత తీస్తరు?"

"గడ్డ ఉన్న ఓవరీ తీస్తాను. రెండోదాన్ని, గర్భసంచిని ముట్టుకోను. కానీ తెరిచాక అనుమానం వస్తే నిన్ను లేపి అడగలేను. అప్పుడు ఏం చేయమంటావో ఇప్పుడే చెప్పు."

నేను నోరు తెరిచేలోగా మా ఆయన అన్నాడు. "పిల్లలు లేకుంటె లేకపాయె సార్. మనిషి దక్కాలె మాకు. ఏది తీస్తె బతుకుతదో అది తియ్యిండ్రి."

అంత ప్రేమగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. నాకు మాత్రం ఆయన మీద కోపం వచ్చింది. నా ఆశను నన్నడక్కుండా వదిలేశాడని కోపం. ఆ పూట నాకు ప్రాణం కన్నా ఆ రెండో ఓవరీయే ఎక్కువ. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, అప్పుడు మాత్రం అదే నిజం. అనుమానం అంటే ఎంత అనుమానమని సర్జన్‌ను మళ్లీ అడిగాను. ఆయన కాగితం వెనక బొమ్మ గీశాడు. గడ్డ పై పొర పగిలి ఉంటే, పక్కకు పాకి ఉంటే, రెండో వైపు కూడా ఉంటే, అప్పుడే అన్నాడు. కంటికి అవేవీ కనిపించకపోతే మిగతాది ఉంచి బయాప్సీ కోసం ఆగుతానన్నాడు. ఆ మాట కాగితం మీద రాయించి, ఇద్దరం సంతకాలు పెట్టాం.

మెలకువ వచ్చేసరికి నాలుక పిడచకట్టింది. ఎంత తీశారని అడిగాను. ముందు నోరు తడుపుకోమంది నర్సు. నేను మళ్లీ అడిగాను. సర్జన్ రౌండ్లకు వచ్చి మంచం పక్కన ఆగి, ఒక్కటే తీశాను, మెలి పడి ఉంది, ఇంకో మెలి పడితే కుళ్లిపోయేది, రెండోది చక్కగా ఉంది అన్నాడు. చక్కగా అన్న మాట తెలుగులో అంత బాగుంటుందని అంతకు ముందు నాకు తెలియదు.

అంతటితో అయిపోలేదు. అయిదో రోజు జ్వరం వచ్చింది. కుట్లలో చీము పట్టి రెండు కుట్లు విప్పారు. రోజూ మందు గుడ్డ కుక్కి కడుతుంటే పళ్లు కరుచుకుని పడుకునేదాన్ని. బట్టల కుట్టులో ఇలా విప్పాల్సి వస్తే ఆ దర్జీకి నేను మళ్లీ గుడ్డ ఇవ్వనని అంటే నర్సు నవ్వింది. బయాప్సీ ఫలితం ఇవాళ, రేపు అంటూ జరిగింది. మా ఆయన రోజూ పొద్దున రిపోర్టులిచ్చే గది ముందు నిలబడి వచ్చేవాడు. పన్నెండో రోజు కాగితం పట్టుకుని వచ్చాడు. బినైన్ అని రాసి ఉంది. కాన్సర్ కాదు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంటికి వచ్చాక చూడవచ్చినవాళ్లంతా అదృష్టవంతురాలివన్నారు. నిజమే. గడ్డ పోయింది, ప్రాణం దక్కింది. దానికి ఎవరూ ఏడవరు. నాకేమో ఒడి ఖాళీగా ఉన్నట్టు ఉండేది. ఆసుపత్రి కాగితాల్లో అది రైట్ ఓవరీ డెర్మాయిడ్. నేను మాత్రం దాంతో నాలుగు నెలలు మాట్లాడాను. బస్సులో లేచి చోటిచ్చారు నాకు. మెల్లగా నడిచాను. ఎండలో నిలబడకని దారినపోయే ముసలమ్మలు కోప్పడ్డారు. ఆ కోపాలు నాకు మళ్లీ కావాలనిపించేది. లేని బిడ్డ మీద బెంగ పెట్టుకుంటే పిచ్చి అంటారని ఎవరికీ చెప్పలేదు. ఈ బెంగకు మాత్రం డాక్టర్లు ఎవరూ పేరు చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం అత్త నా దగ్గర కూర్చుంది. చాలాసేపు తన చేతులే చూసుకుంది.

"నా చేతులే మోసం జేసినయి బిడ్డా. నేను చెయ్యి పెట్టకుంటె నిన్ను ముందే తీస్కపోదురు," అంది.

నేను ఎరుపు కనిపించిన సంగతి చెప్పాను, రెండుసార్లు. "నేను గూడ దాచిన అత్తా. నీకు చెప్తె కాదంటవని దాచిన."

ఆమె నన్ను తిట్టలేదు. లేచి, వేణ్నీళ్లు పెట్టి నా తలంటింది. ఆ తర్వాత నుంచి ఎవరు పిలిచినా ఆమె కాన్పుకు వెళ్తుంది గానీ, నెల తప్పిన పిల్ల వస్తే పొట్ట ముట్టుకోదు. ముందు దవాఖానకు పోయి రా, కాగితం తే అంటుంది. తండాల నుంచి వచ్చే ఆడవాళ్లు మొదట్లో ఆమెకు గర్వం పెరిగిందనుకున్నారు.

ఇప్పటికి అయిదేళ్లు. మచ్చ ఉంది, మబ్బు పట్టినప్పుడు దురద పెడుతుంది. ఏడాదికోసారి డాక్టరమ్మకు చూపించుకుంటాను. రెండో వైపు ఏమీ లేదంటుంది. మిషను నడుస్తోంది. మా ఆయన తూముల దగ్గర మళ్లీ అందరికీ మాటకు మాట చెబుతున్నాడు. పిల్లలు కలగలేదు. ఒక్క ఓవరీతో కూడా కలగవచ్చునని ఇద్దరు డాక్టర్లు చెప్పారు, ఇద్దరూ తప్పకుండా అనలేదు.

నా అనుభవం చదివే అక్కచెల్లెళ్లకు ఒక్క మాటే చెబుతాను. నెల తప్పినా, పొట్ట పెరిగినా, అది ఎంత సంతోషమైన సంగతి అనిపించినా, మొదటి నెలలోనే మూత్రం పరీక్ష చేయించుకుని డాక్టరు చేత పరీక్ష చేయించుకోండి. ఎవరు తీసుకుపోవాలి, పుట్టిల్లా అత్తిల్లా అని చూడకండి. మీ కాళ్లతో మీరు వెళ్లండి. కడుపే అయితే సంతోషం రెండు రోజులు ఆలస్యమవుతుంది, అంతే. కాకపోతే ఏ గడ్డో ముందే తెలుస్తుంది. ముందే తెలిస్తే ఎంత తీయాలో, ఎంత ఉంచాలో అడిగే వ్యవధి మీకు దొరుకుతుంది.

ఇతరులకు చెప్పడం తేలికే. ఆపరేషన్ అయినప్పటి నుంచి నాకు నెలసరి తప్పకుండా వస్తోంది. ఈసారి మాత్రం రావాల్సిన రోజు దాటి ఇరవై రెండు రోజులైంది. అత్తకు చెప్పలేదు, మా ఆయనకూ చెప్పలేదు. వాళ్ల మొహాలు వెలగడం ఇంకోసారి చూసి తట్టుకునే శక్తి నాకు లేదు. రేపు పొద్దున దారాలు, గుండీలు తేవాలని చెప్పి మొదటి బస్సుకు నిజామాబాదు వెళ్తున్నాను, పరీక్షకు. మీరు ఇది చదివేసరికి ఆ కాగితంలో ఏముందో నాకు తెలిసి ఉంటుంది. రాస్తున్న ఈ పూటకు తెలియదు. అందుకే ఇవాళ ఏ పనీ పెట్టుకోకుండా కూర్చున్నాను. ఉందేమో అనుకోవడానికి నాకు ఈ ఒక్క పూటే ఉంది.